కార్బైడు పండ్లు – కొనేవారి కర్తవ్యం, పాలకుల బాధ్యత



మన సొసైటీ ఏటా రమజానులో ఇఫ్తార్ కోసం, ఆ తర్వాత ఆసుపత్రుల్లో రోగులకు పంచడం కోసం పండ్లు కొంటుంది. ఆ ఖర్చంతా మీరిచ్చిన డబ్బు. ఎంత డబ్బుకు ఎన్ని డజన్ల అరటిపండ్లు వచ్చాయో మన పుస్తకాల్లో లెక్క ఉంటుంది. ఆ అరటిపండు ఎలా పండిందన్న లెక్క మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. ఈ సంచికలో మేము రాయదలచుకున్నది ఆ రెండో లెక్క గురించి. ఏళ్ళ తరబడి సైన్సు పాఠాలు చెప్పిన అలవాటు కొద్దీ ఇది కాస్త పాఠంలాగే సాగుతుంది. ఓపికతో చదవగలరని మనవి.

గడ్డిఅన్నారం పేరు రాష్ట్రమంతటా తెలిసింది పండ్ల వల్లనే. మొజంజాహీ మార్కెట్ వైపు నుంచి 1980ల్లో ఇక్కడికి తరలివచ్చిన పండ్ల మార్కెట్టు, మూడు దశాబ్దాలకు పైగా ఈ ప్రాంతానికి ఊపిరి. ఎండాకాలం వస్తే కొల్లాపూర్, నాగర్‌కర్నూల్, జగిత్యాల తోటల మామిడి, నల్లగొండ బత్తాయి, మహారాష్ట్ర ద్రాక్ష, అన్నీ ఈ రోడ్ల మీదుగానే వచ్చేవి. 2021 సెప్టెంబరులో మార్కెట్టును ఇక్కడ మూసివేసి, విజయవాడ రహదారి మీద ఔటర్ రింగు రోడ్డు దాటాక ఉన్న బాటసింగారానికి తరలించారు. ఖాళీ అయిన స్థలంలో పెద్ద ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. పండ్లు అమ్మిన నేల మీదే ఆసుపత్రి కడుతున్నారు! మార్కెట్టు పోయినా మన వీధుల్లో తోపుడు బండ్లు పోలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా సాయంత్రం నడిచి చూస్తే, మార్చి నెలాఖరుకే పసుపుపచ్చగా మెరిసే మామిడిపండ్లు బండ్ల మీద కనబడతాయి. తోటలో కాయ ఇంకా ముదరకముందే బండి మీద పండు ఎలా వచ్చింది? పాఠం ఇక్కడ మొదలుపెడదాం.

పండ్లలో రెండు రకాలున్నాయి. మామిడి, అరటి, బొప్పాయి, సపోటా, సీతాఫలం వంటివి చెట్టు నుంచి కోసిన తర్వాత కూడా పండుతాయి. బత్తాయి, ద్రాక్ష, దానిమ్మ, పుచ్చకాయ వంటివి చెట్టు మీద, తీగ మీద ఎంత పండితే అంతే. కోశాక వాటి తీపి పెరగదు. మొదటి రకం కాయలు పండేటప్పుడు తమలో నుంచి తామే ఇథిలీన్ అనే వాయువును వదులుతాయి. ఆ వాయువు తగిలితే పక్క కాయ కూడా పండడం మొదలుపెడుతుంది. మన నానమ్మలు వరిగడ్డిలోనో, బియ్యం డబ్బాలోనో మామిడికాయలు మాగబెట్టడం వెనుక ఉన్న శాస్త్రం ఇదే. గడ్డి ఆ వాయువును బయటకు పోనివ్వదు, వెచ్చదనాన్ని నిలుపుతుంది. మా బడిలో పిల్లల చేత ఈ ప్రయోగం చేయిస్తాం. రెండు అట్టపెట్టెల్లో ముదిరిన మామిడికాయలు పెట్టి, ఒకదానిలో మాత్రం బాగా పండిన అరటిపండు ఉంచుతారు. అరటిపండు ఉన్న పెట్టెలోని కాయలే ముందు మెత్తబడతాయి. ఇంట్లో మీ పిల్లలతో చేయించి చూడండి, ఖర్చేమీ లేదు.

ఇక కార్బైడు సంగతి. పూర్వం జాతరల్లో, రాత్రి సంతల్లో కార్బైడు దీపాలు వెలిగేవి. మా వయసువారికి ఆ ఘాటు వాసన గుర్తుండే ఉంటుంది. వెల్డింగు షాపుల్లో ఇప్పటికీ అదే వాడతారు. బూడిదరంగు రాళ్ళలా ఉండే కాల్షియం కార్బైడుకు తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది, సున్నం మిగులుతుంది. ఎసిటిలీన్‌కు ఇథిలీన్ పోలిక ఉంది. కాయ దాన్ని చూసి మోసపోతుంది. వ్యాపారంలో దీనికి ‘మసాలా’ అని ముద్దుపేరు. కాగితంలో పొట్లం కట్టి కాయల మధ్య పెడితే, కాయల నుంచి వచ్చే తేమతోనే పని నడుస్తుంది. గది అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఒకటి రెండు రోజుల్లో తొక్క పసుపుపచ్చగా మారుతుంది. లోపల గుజ్జు మాత్రం చాలాసార్లు పుల్లగానే ఉంటుంది, ఎందుకంటే ఆ కాయ ముదరకముందే కోసినది. పైగా అటువంటి పండు ఎక్కువ రోజులు నిలవదు. మచ్చలు పడి, కుళ్ళి, సగం చెత్తకుప్పలోకే పోతుంది. రైతు ఏడాది కష్టం, నీళ్ళు, లారీ కిరాయి, మన డబ్బు, అన్నీ దానితో పాటే పోతాయి.

ఎసిటిలీన్ ఒక్కటే అయితే గొడవ ఇంత పెద్దది కాకపోను. పరిశ్రమల కోసం తయారుచేసే కార్బైడులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్ళు ఉంటాయి. ఆర్సెనిక్ అంటే మనం పాషాణం అనేదే. దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అయిన ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 మే నెలలో వ్యాపారులకు చేసిన హెచ్చరికలో, కార్బైడు పండ్ల వల్ల రాగల బాధలను పేర్కొంది. తలతిరగడం, మాటిమాటికీ దాహం, మంట, నీరసం, మింగలేకపోవడం, వాంతులు, చర్మంపై పుండ్లు అందులో ఉన్నాయి. అదే హెచ్చరికలో ఇంకో మాట ఉంది, మన ఫోనుల్లో తిరిగే సందేశాల్లో అది ఎప్పుడూ కనబడదు. ఎసిటిలీన్ వాయువు దాన్ని చేతబట్టి పనిచేసేవారికి కూడా అంతే ప్రమాదకరం అన్నది ఆ మాట.

దీని దగ్గర కాసేపు ఆగాలి. కార్బైడు పండు గురించి మాట్లాడేటప్పుడు మనం తినేవాడి గురించే ఆలోచిస్తాం. గాలి ఆడని గోదాములో కూర్చుని, ఒట్టి చేతులతో పొట్లాలు కట్టి, కాయల మధ్య సర్దేది ఎవరు? రోజుకూలీ మీద వచ్చిన కుర్రాడు, హమాలీ, కొన్నిచోట్ల ఆడవాళ్ళు. చెమట చేతికి కార్బైడు తగిలితే పుట్టేది సున్నం, అది చర్మాన్ని తింటుంది. మూసిన గదిలో ఎసిటిలీన్ నిండితే ఒక్క బీడీ నిప్పురవ్వ చాలు. మనం జకాత్, సదఖా ఇచ్చి ఆదుకునే కుటుంబాల్లోని మనుషులే వీరు. ఒక చేత్తో వారి ఇంటికి రేషను పంపుతూ, ఇంకో చేత్తో వారి ఊపిరితిత్తులను పాడుచేసే సరుకు కొంటున్నామేమో ఆలోచించవలసి ఉంది.

మరి చట్టం లేదా అని అడుగుతారు. ఎప్పటి నుంచో ఉంది. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం కింద చేసిన నియమాల్లోనే కార్బైడు వాయువుతో పండించిన పండ్ల అమ్మకాన్ని నిషేధించారు. తర్వాత ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 వచ్చింది. దాని కింద 2011లో చేసిన నిబంధనల్లో మళ్ళీ అదే నిషేధం ఉంది. అయినా వాడకం ఆగలేదు. 2015లో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు పత్రికల్లో వచ్చిన కథనాలు చూసి ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు స్వీకరించింది, రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ నిలదీసింది. ఎవరో బాధితుడు గుమ్మం ఎక్కేదాకా ఆగకుండా న్యాయస్థానమే కదిలిందంటే పరిస్థితి ఎంతదాకా వచ్చిందో ఊహించవచ్చు.

నిషేధం ఉండి కూడా ఎందుకు ఆగలేదు? ఇందులో అధికారుల అలసత్వం కొంత ఉంది, కాదనం. కానీ అసలు చిక్కు వేరే ఉంది. కార్బైడు తన పని చేసి తాను మాయమవుతుంది. వాయువు గాలిలో కలిసిపోతుంది, మిగిలిన సున్నపు బూడిదను తుడిచేస్తే చాలు. బండి మీద ఉన్న పండును తీసుకెళ్ళి పరీక్షించి ‘ఇది కార్బైడుదే’ అని కోర్టులో నిరూపించడం తేలిక పని కాదు. పట్టుకోవలసింది గోదాములో, పొట్లం కాయల మధ్య ఉన్నప్పుడు. 2025 మేలో ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పిన మాట అందుకే ముఖ్యమైనది. పండ్ల నిల్వ చోట, పెట్టెల పక్కన కార్బైడు దొరికితే దాన్నే ఆ వ్యాపారిపై సందర్భ సాక్ష్యంగా తీసుకుని కేసు పెట్టవచ్చని రాష్ట్రాలకు తెలిపింది. ఈ ఒక్క మాట పదేళ్ళ ముందు వచ్చి ఉంటే బాగుండేదని మా అభిప్రాయం.

ఆలస్యమైనా రెండో మంచి పని 2016లో జరిగింది. ఇథిలీన్ వాయువుతో పండ్లు మాగబెట్టడానికి అనుమతి ఇచ్చారు. గాలిలో పది లక్షల పాళ్ళకు 100 పాళ్ళు మించకూడదు. మూసిన గదిలో వేడిని, తేమను అదుపులో ఉంచి, ఒకటి రెండు రోజులు వాయువు పట్టించి, తర్వాత గాలి మార్చాలి. కాయ తనలో తాను పుట్టించుకునే వాయువే కాబట్టి ఇది విషం కాదు. అయితే ఇక్కడా అడ్డదారులున్నాయి. ఇథిఫాన్ అనే ద్రావకం నుంచి ఇథిలీన్ పుట్టించవచ్చు. ఆ వాయువును గదిలోకి వదలాలి తప్ప కాయలను ఆ ద్రావకంలో ముంచకూడదు. బక్కెట్లో కలిపి అరటి గెలలను ముంచి తీయడం నిషిద్ధమే. పొట్లాల్లో వచ్చే పొడి విషయంలోనూ అంతే, పొడి పండుకు తగలకూడదు. ఇంకొక సంగతి వ్యాపారులకూ రైతులకూ తెలిసినదే, కొనేవారికే తెలియదు. లేత కాయను ఎంత మంచి గదిలో పెట్టినా తీపి రాదు. సీజను మొదట్లో ధర ఎక్కువ పలుకుతుందని, గాలివానకు రాలిపోతుందేమోనని తొందరపడి కోస్తారు. మనం మార్చిలోనే మామిడి కావాలని అడగడం మానేస్తే ఆ తొందర కొంత తగ్గుతుంది. తప్పంతా అమ్మేవాడిదే అనుకోవడం మనకు హాయిగా ఉంటుంది గానీ నిజం కాదు.

కార్బైడు గొడవ పండ్లతో ఆగదు. 2025 దీపావళికి భోపాల్, విదిశ వైపు ప్లాస్టిక్ గొట్టంలో కార్బైడు, నీళ్ళు పోసి పేల్చే ‘కార్బైడు గన్’ ఆటవస్తువుగా వీధుల్లో అమ్మారు. వందకు పైగా పిల్లలు కంటి గాయాలతో ఆసుపత్రుల పాలయ్యారు, కొందరికి చూపే పోయింది. పండ్ల గోదాములోకి వచ్చే రాళ్ళే పిల్లల చేతిలోకీ వచ్చాయి. కాల్షియం కార్బైడు నిల్వకు, రవాణాకు 1987 నుంచి ప్రత్యేక నియమాలు, లైసెన్సు పద్ధతి ఉన్నాయి. అయినా కిలోల లెక్కన చిల్లరగా చేతులు మారుతూనే ఉంది. కాబట్టి ప్రభుత్వాన్ని మనం అడగవలసింది ఇంకో కొత్త నిషేధం కాదని మేము అనుకుంటున్నాం. కార్బైడు ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, దేనికి కొన్నారు అన్న రిజిస్టరు ప్రతి అమ్మకం దగ్గరా ఉండాలి. వెల్డింగు షాపువాడికి అది కావాలి, ఇవ్వనివ్వండి. పండ్ల గోదాముకు దాని అవసరం ఏమిటి? ఈ ఒక్క ప్రశ్న అడిగే మనిషి అమ్మకం దగ్గర లేకపోతే, తర్వాత వంద మంది ఇన్స్పెక్టర్లు గోదాములు తిరిగినా లాభం తక్కువ. మార్కెట్టు ఒక్కచోట ఉన్నప్పుడే పర్యవేక్షణ కష్టమైతే, ఇప్పుడు గోదాములు ఊరి చుట్టూ చెల్లాచెదురుగా ఉన్నాయి.

బజారు మీద పర్యవేక్షణ ఉండాలనడం మనకు కొత్త ఆలోచన కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని బయటపెట్టి, కొనేవారికి కనబడేలా తడి గింజలను పైన ఎందుకు ఉంచలేదని అమ్మేవాడిని అడిగిన సంఘటన మీకందరికీ తెలుసు. మోసగించేవాడు మనలోని వాడు కాడన్న హెచ్చరిక ఆ సందర్భంలోనిదే. పైన ఎండినవి, లోపల తడివి. పైన పసుపు, లోపల పులుపు. పద్నాలుగు శతాబ్దాలైనా మోసం పద్ధతి పెద్దగా మారలేదు. ఆ సంఘటనలో మేము ప్రత్యేకంగా గమనించేది, రాశిలో చేయి పెట్టినవారు కొనడానికి వచ్చిన మామూలు మనిషి కాదు, బాధ్యత గల పాలకులు. హజ్రత్ ఉమర్ (రజి) మదీనా బజారు పర్యవేక్షణను షిఫా బిన్త్ అబ్దుల్లాహ్ (రజి) అనే విద్యావంతురాలికి అప్పగించారని చరిత్రకారులు రాశారు. తర్వాతి కాలంలో ముహ్తసిబ్ అనే అధికారి తూకాలు, కొలతలు, ఆహార పదార్థాల నాణ్యత చూసేవాడు. కొనేవాడి తెలివి మీద వదిలేయకుండా, చూసే అధికారి ఒకరు ఉండాలన్నది అప్పుడే స్థిరపడిన సూత్రం.

అలాగని అధికారి వచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఇంటికి కొనే ఒక కిలో విషయంలో మన శక్తి తక్కువ, అది ఒప్పుకోవాలి. రంగు అంతటా ఒకేలా ఉందా, వాసన ఉందా, తొడిమ దగ్గర నొక్కితే ఎలా ఉంది అని చూస్తాం. ఇవి అనుమానానికి ఆధారాలే గానీ రుజువులు కావు. నీళ్ళలో వేస్తే తేలింది, మునిగింది అని ఫోనులో వచ్చే పరీక్షలను మేము పిల్లలకు చెప్పడం మానేశాం. పండు మీద అంటించిన స్టిక్కరు కూడా భద్రతకు హామీ కాదు. పారే నీటిలో బాగా కడగడం, తొక్క తీసి తినడం మంచిదే. అది తొక్క మీద ఉన్నదాన్ని తగ్గిస్తుంది, అంతవరకే.

సొసైటీ విషయం వేరు. టోకున కొనేవాడి మాటకు బజారులో విలువ ఉంటుంది. పండ్లు సరఫరా చేసే వ్యాపారిని బిల్లు అడగాలి. 2022 జనవరి నుంచి ఆహార వ్యాపారుల బిల్లుల మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు వేయడం తప్పనిసరి. నంబరు లేని బిల్లును మన కోశాధికారి గారు తీసుకోరాదు. అరటి, బొప్పాయి ఏ ఇథిలీన్ గదిలో మాగినవో రాసివ్వమనాలి, వీలైతే మన మనుషులిద్దరు ముందు రోజు వెళ్ళి చూసి రావాలి. ఆ భరోసా దొరకనప్పుడు పుచ్చకాయ, ద్రాక్ష, బత్తాయి, ఖర్జూరం వైపు మళ్ళితే చాలు, ఇఫ్తార్‌కు లోటు రాదు. వీటికి మాగబెట్టే పనే లేదు.

చాలామందికి తెలియని హక్కు ఇంకొకటి ఉంది. 2006 చట్టంలోని 40వ సెక్షను ప్రకారం, అధికారే కానక్కర్లేదు, కొన్నవారెవరైనా నిర్ణీత రుసుము కట్టి ఆహార పదార్థాన్ని ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. నివేదికలో చట్ట ఉల్లంఘన తేలితే ఆ రుసుము తిరిగి ఇస్తారు. కార్బైడును పట్టడం కష్టమని పైన చెప్పాం. కానీ ఆర్సెనిక్ వంటి లోహాలను, రంగులను, పురుగుమందు అవశేషాలను ప్రయోగశాల పట్టగలదు. మన రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలోనే ఉంది. ఏడాదికి ఒకటి రెండు నమూనాల ఖర్చు మన బడ్జెట్టులో ఒక పద్దుగా చేర్చాలని కార్యవర్గానికి మా సూచన. పరీక్ష చేయిస్తారన్న మాట బయటకు పొక్కితే చాలు, సరఫరాదారు జాగ్రత్త పడతాడు. గోదాములో కార్బైడు వాడుతున్నట్టు తెలిస్తే నగరపాలక సంస్థ ఆహార భద్రతాధికారికి తేదీ, చోటు, వివరం రాసి ఇవ్వాలి, నకలు మీద స్టాంపు వేయించుకోవాలి. నోటి మాటగా చెప్పిన ఫిర్యాదు గాలికి పోతుంది. వినియోగదారుల సహాయానికి 1915 నంబరు కూడా ఉంది.

చివరి మాట కాస్త ఇబ్బందికరమైనది. ఈ సంచిక చదివే దాతల్లో పండ్ల వ్యాపారం చేసేవారు, కమీషన్ ఏజెంట్లు ఉన్నారు. వారి ఉదారత వల్లే మన పిల్లల ఫీజులు కొన్ని నడుస్తున్నాయి. వారిని నొప్పించడం మా ఉద్దేశం కాదు. తోపుడు బండివాడిని తిట్టడం అంతకన్నా కాదు. తెల్లవారుజామున దొరికిన సరుకు తెచ్చుకుని సాయంత్రానికి అమ్ముకునే మనిషి అతడు, పండు ఎక్కడ ఎలా మాగిందో అతనికీ తెలియదు. తెలిసినవాడు టోకు వ్యాపారి. ఇథిలీన్ గది కట్టడానికి కేంద్ర ఉద్యాన మిషన్ కింద మామూలు ప్రాంతాల్లో 35 శాతం సబ్సిడీ ఉంది, బ్యాంకు రుణంతో ముడిపెట్టి ఇస్తారు. వడ్డీ రుణం వద్దనుకునే చిన్న వ్యాపారులు ఇద్దరు ముగ్గురు కలిసి, ఉన్న గదినే వంతులవారీగా కిరాయికి తీసుకోవచ్చు. ఆ కిరాయికి మొదటి సీజనులో సొసైటీ నుంచి ఖర్జె హసనా ఇవ్వగలమా అన్నది కార్యవర్గం ముందు పెడుతున్నాం. ఇచ్చేటట్లయితే షరతు ఒక్కటే, వారి గోదాములో కార్బైడు ఉండకూడదు, మన మనుషులు ఎప్పుడైనా వచ్చి చూసే వీలుండాలి.

ఇథిలీన్ గదిలో అరటి మాగి చేతికి రావడానికి నాలుగైదు రోజులు పడుతుంది. రేపు కావాలని ఇవాళ చెబితే దొరికేది మసాలా పండే. అందువల్ల వచ్చే రమజానుకు ఏ రోజు ఎన్ని డజన్లు కావాలో ఆ జాబితా షాబాన్ పదిహేనో తేదీలోగా సరఫరాదారుకు చేరాలి. జాబితా తయారీకి మా బడి ఉపాధ్యాయులం ముగ్గురం సాయపడతాం.